జాబితాలో మొదటి పేరు

మా అత్త పోయిన సంగతి నాకు ఊరి వాట్సాప్ గ్రూపులో తెలిసింది. చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడుతున్నాయి. అవి పెట్టినవాళ్లలో సగం మంది, పోయిన పంచాయతీ ఎన్నికల ముందు ఆమెను ఆ గ్రూపు నుంచి తీసేయాలని పట్టుబట్టినవాళ్లే. తీసేశారు కూడా.

మీలో చాలామంది ఆమెను ఎరగరు. మా నాన్నకు ఒక్కగానొక్క చెల్లెలు. కర్ణాటకలో, బాగేపల్లి దగ్గర పల్లెలో ఉండేది. కన్నడ బడిలో ఏడో తరగతి దాకా చదివింది. హోటల్లో అందరూ చదివి నలిపేసిన నిన్నటి పేపరు తెప్పించుకుని, వేరుశనక్కాయలు వొలుస్తూ చివరి పేజీ నుంచి వెనక్కి చదివేది. "మొదటి పేజీలో ఉండేది వాళ్లు మనకు చెప్పాలనుకున్నది పాపా. మనకు కావాల్సింది లోపల యాడో మూలలో ఉంటాది" అనేది. ఇప్పుడు నేను చింతామణి కాలేజీలో అర్థశాస్త్రం చెబుతున్నాను. నాకు పేపరు చదవడం నేర్పింది ఆమే.

పంచాయతీలో వాళ్ల వార్డు ఆడవాళ్లకు రిజర్వు అయినప్పుడు ఊరి పెద్దలే ఆమెను నిలబెట్టారు. మామ అప్పటికే పోయాడు, అడిగే మగదిక్కు లేదు, చూపించిన చోట సంతకం పెడుతుందని వాళ్ల ధీమా. గెలిచాక మొదటి మీటింగులోనే కాగితం చదవందే సంతకం పెట్టనంది. ఇంట్లో, వీధిలో తెలుగే మాట్లాడేది కానీ అర్జీ మాత్రం కన్నడంలో రాసేది. "తెలుగులో అడిగితే నవ్వి పంపిస్తారు. కన్నడంలో రాసిస్తే జవాబు రాయాల్సొస్తాది" అనేది.

ఇళ్లు లేనివాళ్లకు ప్రభుత్వం ఇళ్లు మంజూరు చేసే గ్రామసభ రోజు నేను ఆ ఊళ్లోనే ఉన్నాను. నాన్న కూడా వచ్చాడు. ఎందుకొచ్చాడో నాకప్పుడు తెలియదు. అధికారి జాబితాను కన్నడంలో గబగబా చదివేసి, అందరికీ సమ్మతమేనా అన్నాడు. ముందు వరసలో చేతులు లేచాయి.

అత్త లేచింది. "ఒక్క నిమిషం సార్. నేను మెల్లగా తెలుగులో చదువుతా. ఎవురికి ఇస్తాండారో ఇచ్చేవాళ్లకు తెలుసు. ఇల్లు రానివాళ్లకూ తెలియాల గదా."

కాగితం చేతిలోకి తీసుకుని మొదటి పేరు దగ్గరే ఆగిపోయింది. అది మా నాన్న పేరు.

మాకు చిక్కబళ్లాపురంలో రెండంతస్తుల ఇల్లుంది. రేషన్ కార్డు మాత్రం నాన్న పల్లెలోనే ఉంచుకున్నాడు. అత్తను మంచి చేసుకోవడానికి పంచాయతీ అధ్యక్షుడే ఆ పేరు చేర్పించాడట. నాన్న వద్దనలేదు.

అత్త ఒకసారి నాన్న వైపు చూసింది. తరవాత ఆ పేరు, తండ్రి పేరుతో సహా, అందరికీ వినబడేలా చదివింది. ఆ తండ్రి ఆమెకూ తండ్రే.

"ఈయన మా అన్న. చిక్కబళ్లాపురంలో మిద్దె మింద మిద్దె ఉండాది. కొట్టేయండి సార్."

"అమ్మా, మీ ఇంటోళ్లే గదా, ఊరుకోండి" అన్నాడు అధ్యక్షుడు.

"మా ఇంటోళ్లు కాబట్టే ముందు నేను కొట్టేయమంటాండా. మిగతావి మీరు కొట్టేయండి."

ఆరోజు ఇంకో మూడు పేర్లు పోయాయి. కారెక్కాక నాన్న ఒకే మాట అన్నాడు. "ఇంక దాని గడప తొక్కేది లేదు." పక్కన కూర్చున్న నేను, ఎమ్మే చదివిన దాన్ని, నోరు తెరవలేదు. ఏటా పిల్లలకు అధికార వికేంద్రీకరణ పాఠం చెబుతాను. ఈ కథ ఒక్కసారీ చెప్పలేదు. చెబితే ఆ పేరు ఎవరిదో చెప్పాలి.

నాన్న పేరు పోయిన చోట, మల్బరీ తోటల్లో కూలికి పోయే ఒకామె పేరు చేరింది. ఇద్దరు ఆడపిల్లలతో టార్పాలిన్ కింద ఉండేది. తరవాతి ఎన్నికల్లో ఎదుటివాళ్లు ఇంటింటికీ కుక్కర్లు పంచారు. అత్త ఓడిపోయింది.

"మీరు ఇల్లు ఇప్పించిన ఆమె కూడా తీసుకుందంట గదా అత్తా!" అన్నాను ఫోన్లో, ఉడికిపోతూ.

"తీసుకోనీ. ఐదేండ్లలో ఆమె వాకిట్లోకొచ్చి అమ్మా అని పిలిచింది వాళ్లే, అదీ ఒక్కనాడు. నా కోపం కుక్కరు మింద కాదు పాపా. అంతకంటే ఎక్కువ అడగొచ్చని ఆమెకు తెలియనీకుండా చేసినారే, దాని మింద."

అంత పెద్ద మనసు నాకు లేదు. ఇప్పటికీ రాలేదు.

నాన్నా నేనూ చావుకు వెళ్లేసరికి ఊరి మలుపులోనే ఫ్లెక్సీ కట్టి ఉంది. అత్త ఫోటో ఒక మూలన, బొట్టుబిళ్లంత. ఆమెను ఓడించిన మనిషి, ఓడించమన్న అధ్యక్షుడు మాత్రం నిలువెత్తు, చేతులు జోడించి. నాన్న దాన్ని చూశాడు. అన్నేళ్ల తరవాత చెల్లెలి వాకిలి దాకా వచ్చాడు గానీ లోపలికి పోలేదు. పాడె కడుతున్నారు.

"ఆ ఇల్లు యాడుండాది?" అని అడిగాడు నన్ను.

ఏ ఇల్లు అని నేను అడగలేదు. వెనక వీధిలోకి తీసుకుపోయాను.

సున్నం వేయని గోడలు, పైన రేకులు. లోపల ఒకే గది, ఒక మూలన పొయ్యి. ఆ ఇంటామె నాన్నను ఎరగదు. చావుకొచ్చిన పెద్దమనిషి అనుకుని, ప్లాస్టిక్ కుర్చీ కొంగుతో తుడిచి వేసింది. "కూర్చోండప్పా. ఎండన పడి వచ్చినారు."

నాన్న వాకిట్లో నిలబడి లోపలికి తొంగిచూశాడు. నాలుగడుగులేస్తే అవతలి గోడ తగులుతుంది.

"ఇంతేనా?" అన్నాడు.

ఆమె ఇంకోలా అనుకున్నట్టుంది. చిన్నబుచ్చుకుని, "మాకు చాలప్పా ఇది" అంది.

నాన్న కూర్చున్నాడు. అవతలి వీధిలో పలక డప్పులు మోగాయి. "నాన్నా, పాడె లేపుతాండారు" అన్నాను. ఆయన లేవలేదు. అత్తను ఆ ఇంటి ముందు నుంచే తీసుకుపోయారు. చల్లిన బొరుగులు కొన్ని నాన్న కాళ్ల దగ్గర పడ్డాయి. పలకల మోత వంక దాటి సన్నబడేదాకా, ఆ ఇంటి వాకిట్లో, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, నేల చూస్తూ ఉండిపోయాడు.