కొంగున్న సీసాలు

మా ఆయన సదానందం నోరు తెరిచాడంటే మగ్గాల మోత కూడా వినబడదు. అలాంటి మనిషి, రెండువేల ఇరవైలో లాక్‌డౌన్ పెట్టి మేం వలస వచ్చిన సచిన్ ఊళ్లో మగ్గాలు ఆపేయగానే మూగబోయాడు. పొద్దస్తమానం గోడకు ఆనుకుని తన చేతులను తానే చూసుకుంటూ కూర్చునేవాడు. ఒక మాట అంటే పది అనే మనిషి, తిట్టినా పలకడం మానేశాడు. ఇక ఈ మనిషి నాకు దక్కుతాడా అనిపించింది.

మా అమ్మాయి భాగ్యలక్ష్మి ఖాళీ పచ్చడి సీసాలకు రంగులేస్తూ పొద్దుపుచ్చేది. ఒకరోజు ఓ సీసా, కుంచె తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"జర గిది పట్టు. గోడను చూసుడు కంటె నయమే గదా," అన్నాను.

ఏమనుకున్నాడో, తీసుకున్నాడు. సీసా నడుము చుట్టూ నెమళ్ల అంచు మొదలుపెట్టాడు. ఒక్కో నెమలి ఎంత పొందిగ్గా కుదిరిందో చెప్పలేను. అయితే మగ్గం మీద అంచు ముందుకే పోతుంది, సీసా మీద చుట్టూ తిరిగి మొదటికే వస్తుంది. ఆ సంగతి మా మహానుభావుడికి తట్టలేదు. ఆఖరి నెమలికి సగం చోటే మిగిలింది.

"బాపూ, దీని తోకేది?" అని పిల్ల పకపకా నవ్వింది.

ఆయన కుంచె కింద పెట్టి గోడవైపు తిరిగాడు. నాకు ఒళ్లు మండింది.

"ఇరవై రెండేండ్లు మగ్గం నడిపినవ్. చీర అయిపోయేకాడ ఏమొస్తది? గది గూడ నేనే చెప్పాల్నా?"

గోడవైపు తిరిగే, "కొంగు," అన్నాడు. పదిహేను రోజుల్లో ఆయన నోట వచ్చిన మొదటి మాట అదే.

సగం నెమలిని తడిగుడ్డతో తుడిచేసి, ఆ ఖాళీలో పైనుంచి కిందికి ఎర్రటి కొంగు దించాడు. పక్కింటి భానుబెన్ చూసి ముచ్చటపడి తీసుకెళ్లింది. ఆ తర్వాత గల్లీలోని ఆడవాళ్లంతా ఖాళీ సీసాలు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు. ఆయన నోరూ మళ్లీ లేచింది, నాకు తలనొప్పీ మొదలైంది.

కొన్నాళ్లకు దారంతో సీసా చుట్టుకొలత తీసి, నెమళ్లన్నీ సరిగ్గా సరిపోయేలా ఒకటి వేశాడు. గర్వంగా భానుబెన్‌కు పంపాడు. మర్నాడే ఆమె దాన్ని వెనక్కి తెచ్చింది.

"సదానంద్ భాయ్, ఇది ఎవరు వేశారు? దీనికి పల్లూ ఏది? నాకు మీ చేత్తో వేసిందే కావాలి," అంది హిందీలో. పల్లూ అంటే మన కొంగే.

ఆయన నేసిన చీరలు ఎన్ని ఊళ్లలో ఎంతమంది కట్టుకున్నారో. ఇది సదానందం నేసిందేనా అని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. ఆయన మొహం అటు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

"భాగ్యా, ఎర్ర రంగు తే బిడ్డా," అన్నాడు.