తెర మీద వేలిమరకలు

పొద్దున షట్టర్ ఎత్తగానే ఎండ నేరుగా కంప్యూటర్ తెర మీద పడుతుంది. దాని మీది వేలిమరకలన్నీ ఒక్కసారిగా తేలతాయి. చేతిలో తడిగుడ్డ ఉంటుంది కానీ తుడవబుద్ధి కాదు. ఆ మరకలు చూస్తే పద్మక్క తిట్లు వినిపిస్తాయి. తెలకపల్లిలో నేను ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్నానంటే ఆ తిట్ల పుణ్యమే.

వనపర్తి బస్టాండు వెనక ఆమె సెంటర్‌లో పనికి కుదిరేనాటికే నేను బడికి రాంరాం చెప్పేశాను. ఇంగ్లీషు అక్షరాలను నేను గుర్తుపట్టేవాణ్ణి. అవి మాత్రం నన్ను గుర్తుపట్టేవి కావు. పద్మక్క ఒక మీట నొక్కి పేజీని తెలుగులోకి మార్చేది. మార్చి ఊరుకునేది కాదు. వచ్చినవాళ్లను తెర ముందు కుర్చీలో కూర్చోబెట్టి, తాను పక్కన నిలబడి చదివేది. చదువు వచ్చినా రాకున్నా వాళ్లు వరుస వెంట వేలు జరపాలి. విన్నదాన్ని తమ మాటల్లో తిరిగి చెప్పాలి. వేలు దాటని చోటు ఒక్కటి మిగిలినా ‘ఒప్పుకుంటున్నాను’ నొక్కనిచ్చేది కాదు.

“అక్కా, తెర తుడిచి తుడిచి నా చెయ్యి అరుగుతుంది. వేలికి బదులు అందరికొక కట్టె ఇద్దాం” అన్నాను ఒకసారి.

“గదే కట్టెతోని నీ వీపు చదువుత. నోర్మూసుకొని తుడువు.”

ఒకనాడు పాన్‌గల్ నుంచి కురుమయ్య, అతని భార్య బాలమణి వచ్చారు. కూలి చేసుకుని బతికేవాళ్లు. గల్ఫ్‌లో పని ఇప్పిస్తామన్న ఒక ఏజెన్సీ వెబ్‌సైటు పేరు పట్టుకొచ్చారు. తెలుగులోకి మార్చేసరికి పేజీ పెళ్లిపందిరిలా మెరిసింది. మంచి జీతం, తిండి, ఉండటానికి గది. కురుమయ్య వేలు గబగబా కిందికి దిగింది.

“అంత మంచిగనే ఉన్నదక్కా, ఇగ నొక్కుత.”

పద్మక్క అతని మణికట్టు పట్టుకుంది. పేజీ అడుగున ఒక ఫొటో ఉంది. నవ్వుతున్న మనిషి, అతని పక్కన సన్నటి ఇంగ్లీషు రాత. పేజీ అంతా తెలుగైనా అది మారలేదు. ఫొటోలో కలిసిపోయిన రాతను ఆ మీట ముట్టుకోదు.

“బొమ్మనే గదక్కా” అన్నాడు కురుమయ్య.

“బొమ్మకు గన్ని అక్షరాలెందుకే? ఒరేయ్, గవి ఒక్కొక్కటి జూసి కొట్టు” అంది నాతో.

అక్షరం వెంట అక్షరం చూసి అనువాదం పెట్టెలో కొట్టాను. తెలుగు వచ్చింది. పాస్‌పోర్టు తమ దగ్గరే ఉంచుకుంటారట. ఒప్పందం ముగిసేదాకా ఏ కారణం మీదా తిరిగి పంపరట.

బాలమణి భర్త వైపు తిరిగింది. “రేపు నేను సచ్చినా నిన్ను రానియ్యరంట. ఇంకా నొక్కుతవా?”

పద్మక్క వెంటనే ఏజెన్సీకి ఫోన్ చేసింది. “తెలుగులో వస్తుంది కదమ్మా, చదువుకోకపోతే మాదా తప్పు?” అన్నాడు అవతలి మనిషి.

“తెలుగయ్యే కాడ ఆశ పెడ్తరు, తెలుగు గాని కాడ ఉరి పెడ్తరు! నీ పాస్‌పోర్టు తెచ్చి నా కాడ పెట్టు. గది ఇస్త, తిండి పెడ్త. వస్తవా?”

ఫోన్ కట్టయింది. కురుమయ్య మీట నొక్కలేదు. కానీ చేతికొచ్చిన పని చెడగొట్టామని చాన్నాళ్లు మా మీదే మండిపడ్డాడు. అక్క ఆ మాటా పడింది.

ఇప్పుడామె లేదు. ఆమె కోపం మాత్రం నాకు ఆస్తిలా వచ్చింది. అనువదించే మిషన్ మీద నాకు పగ లేదు. అది లేకుంటే నాలాంటివాడు పేజీ గడప కూడా దాటలేడు. దానికి అందనిచోట అసలు సంగతి దాచి, “తెలుగులో ఉంది కదా” అని చేతులు దులుపుకునేవాళ్లను చూస్తేనే నా ఒళ్లు మండుతుంది.

మొన్న అలాంటివాడే ఒకడు వచ్చాడు, ఉద్యోగాల సైటు పట్టుకుని.

“అన్నా, జనాన్ని నేను తోలుత. నువ్వు నొక్కుడే. గింతసేపు చదివిచ్చుడేంది?”

అతని పేజీ తెరిచాను. అడుగున ఫొటో, అందులో సన్నటి ఇంగ్లీషు రాత ఉన్నాయి. కుర్చీ అతని వైపు జరిపాను.

“కూసో తమ్మీ. వేలు పెట్టు.”

“తెరంత మురికున్నదన్నా.”

“మురికి గాదు, చదివినోళ్ల జాడ. నీ బొమ్మ మీద ఇంకా ఎవ్వరి వేలు పడలే. మొదలు నీదే పెట్టు.”