బుజ్జమ్మ చేసిన దాంగోలు

ఆ రోజుల్లో నాకు ఏది కనిపించినా దాన్ని కాస్త సరిచేస్తే గానీ చేతులు ఊరుకునేవి కావు. ఎవరింటికి వెళ్ళినా గోడమీద వంకరగా ఉన్న ఫోటోని ముందు సర్ది, ఆ తర్వాతే కూర్చునేదాన్ని. ఉద్యోగం కూడా అలాంటిదే దొరికింది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, అంటే ఒకళ్ళు చేసినదాంట్లో తప్పులు పట్టడం. (దానికి జీతం కూడా ఇస్తారా అని మా అక్క ఆశ్చర్యపోయేది. తనింట్లో తప్పులు ఉచితంగా పడుతున్నానని దాని బాధ.) ఒక ప్రాజెక్టు అయిపోయి ఇంకోటి దొరక్క, ఆ వేసవి అమెరికాలో, ఫ్రిస్కోలోని అక్క ఇంట్లోనే ఉన్నాను. అక్కా బావా ఆఫీసులకి వెళ్ళిపోతే, ఐదేళ్ళ బుజ్జమ్మా మూడేళ్ళ చంటాడూ నా పాలబడేవాళ్ళు. నేనే వాళ్ళ పాలబడ్డానన్నా తప్పులేదు.

పక్కింట్లో ఒక జపాన్ పెద్దావిడ ఒంటరిగా ఉండేవారు. పిల్లలిద్దరూ గ్రానీ అని పిలిచేవాళ్ళు. బుజ్జమ్మకి ఆవిడ మాటంటే వేదవాక్కు. ఆవిడ పెడితే కాకరకాయ కూడా తినేది (మేం పెడితే పాయసం కూడా వద్దనేది). ఒక మధ్యాహ్నం దాంగోలు చేద్దాం రమ్మని మమ్మల్ని పిలిచారు. జిగురుబియ్యం పిండిని నీళ్ళతో కలిపి, ఉండలు చుట్టి, మరిగే నీళ్ళలో వేస్తే ఉడికి పైకి తేలతాయి. వాటిని చన్నీళ్ళలోకి తీసి, వేయించిన సోయాపిండీ పంచదారా అద్దుకు తినాలి. మన ఉండ్రాళ్ళకి దూరపు చుట్టాలన్నమాట. పిండి చెవి తమ్మెంత మెత్తగా ఉండాలని చెప్పి, ఆవిడ పిల్లలిద్దర్నీ ఎవరి చెవి వాళ్ళు పట్టుకు చూడమన్నారు. చంటాడు వాడిది వదిలేసి నాది పట్టుకున్నాడు.

వాడు చేసిన ఉండలన్నీ ఒకసారి నాకి మరీ పళ్ళెంలో పెడుతున్నాడు. బుజ్జమ్మ మాత్రం అరగంట నోరెత్తకుండా పనిచేసింది. చివరికి పళ్ళెం నా ముందుకి తోసి, "సీ పిన్నీ, ఇది మమ్మీ. ఇది డాడీ, టమ్మీ ఉంది కదా. ఇది చంటూ. ఇది నువ్వు, యువర్ ఇయర్స్ ఆర్ బిగ్. మమ్మీ వచ్చాక చూపిస్తా" అంది. నాకైతే నాలుగు అల్లంకొమ్ముల్లా కనిపించాయి.

చేతులు కడిగించడానికి గ్రానీ పిల్లల్ని లోపలికి తీసుకెళ్ళారు. నేనూ, పళ్ళెమూ మిగిలాం. ఎగుడుదిగుడుగా ఉంటే ఒక పక్క ఉడికి ఒక పక్క పచ్చిగా ఉండిపోతాయని నాకు నేనే చెప్పుకున్నాను. ప్రతి వినాయకచవితికీ మా అమ్మ పక్కన కూర్చుని ఉండ్రాళ్ళు చుట్టిన చెయ్యి కదా, రెండు నిమిషాల్లో అక్కనీ బావనీ చంటాడినీ నన్నూ కూడా గోలీల్లా చుట్టేశాను. నీళ్ళు మరుగుతున్నాయి. గిన్నెలో వేసే పనీ నేనే కానిచ్చేశాను.

బుజ్జమ్మ వచ్చి స్టూలెక్కి గిన్నెలోకి చూసింది. తెల్లటి ఉండలు ఒక్కొక్కటే పైకి తేలుతున్నాయి. "పిన్నీ, వేర్ ఈజ్ మమ్మీ?" అంది.

"నీళ్ళలో ఉడికితే అన్నీ గుండ్రంగా అయిపోతాయమ్మా" అన్నాను, రెప్ప కూడా వేయకుండా.

అది నన్ను నమ్మలేదు. గ్రానీ వైపు తిరిగి, "డస్ ద వాటర్ మేక్ దెమ్ రౌండ్?" అని అడిగింది. ఆవిడ పిండంటిన నా చేతుల్ని చూశారు, తర్వాత నా మొహం చూశారు. "సమ్‌టైమ్స్" అని మెల్లగా అని, స్టవ్ తగ్గించడానికి అటు తిరిగిపోయారు.

"అయితే నేను హ్యాండ్ వాష్‌కి వెళ్ళకుండా ఉండాల్సింది" అంది బుజ్జమ్మ. ఏడవలేదు. ఏడిస్తే నిజం చెప్పేసేదాన్నేమో. ఆ తర్వాత వారం రోజులపాటు వంటింట్లో ఏది ఉడుకుతున్నా సరే, చేతులు కడుక్కోమంటే అక్కణ్ణించి కదిలేది కాదు. ఏమైందే దీనికి అని అక్క తల పట్టుకుంటే, ఏమో అన్నాను. అది రెండో అబద్ధం.

తర్వాత నాకు వేరే ఊళ్ళో పని దొరికింది. గ్రానీ ఇల్లమ్మేసి జపాన్ వెళ్ళిపోయారట. బుజ్జమ్మకిప్పుడు పదిహేడేళ్ళు. మొన్న వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఏదో మాటల్లో ఆ దాంగోల సంగతి తనే ఎత్తింది. ఇద్దరం నవ్వుకుంటామనుకుని జరిగింది చెప్పేశాను. అది నవ్వలేదు.

"నువ్వు చేశావంటే ఓకే పిన్నీ, నువ్వంతే కదా. కానీ గ్రానీ నాకు అబద్ధం చెప్పిందా?"

"నా పరువు పోకుండా అలా అన్నారే. తప్పు నాది, ఆవిడది కాదు" అని ఎన్నిసార్లు చెప్పినా, "ఇట్స్ ఓకే" అంది గానీ మొహం మాత్రం తేలికపడలేదు. పన్నెండేళ్ళు దాచుకున్న నిజాన్ని తీసుకెళ్ళి ఆవిడ నెత్తిన పెట్టినట్టయింది. క్షమించమని అడుగుదామంటే ఆవిడ ఎక్కడున్నారో తెలియదు. ఆ వంటింట్లో పిండి చేతులతో నిలబడ్డ ఇరవయ్యారేళ్ళ నన్ను తలుచుకుంటే బాధగా ఉంటుంది, కాస్త నవ్వు కూడా వస్తుంది. "నేనే చుట్టేశాను తల్లీ" అని ఒక్క ముక్క అనడానికి ఎంత భయపడిపోయిందో పాపం ఆ పిన్ని, అదీ ఐదేళ్ళ పిల్లకి.