అప్పన్న గంట

క్షయ వార్డులో నర్సుగా పనిచేస్తున్న నాకు ఈరోజు భక్తి మీదే ఒళ్లు మండింది. ఈ దీవిలో మా వకోవా ఊరి భజన గురువుగారికి స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్ ఇచ్చినప్పుడల్లా, "ఈ మందు కొందరికి చెవి నరాన్ని చెడగొడుతుంది బాబాయ్, చెవిలో గంట మోగినట్టుంటే వెంటనే చెప్పాలి" అంటూనే ఉన్నాను. ఆయన మంచం పట్టె మీద తాళం వేస్తూ, అంతా బాగుందన్నట్టు ఈ దీవి భాషలో "తూ కొరెక్" అనేవారు.

ఇవాళ వెనక నుంచి ఎంత పిలిచినా ఆయన తిరిగి చూడలేదు. పక్కనున్న ఆయన భార్యను నిలదీశాను.

పిన్ని గొంతు తగ్గించింది. "గంట ఎప్పుడో వచ్చింది. అది సింహాద్రి అప్పన్న గంట అంట. బయట చెప్తే పోతాది అని భజనవాళ్లు అన్నారు."

"పోయేది చెవి, పిన్నీ."

ఇంగ్లీషు డాక్టరు ఇంజెక్షన్లు ఆపించాడు. పోయిన వినికిడి తిరిగొస్తుందో లేదో ఆయనా చెప్పలేకపోయాడు. నేను వార్డు అదిరేలా తిట్టాను. గురువుగారు నా పెదవులు కదలడం చూసి, నవ్వుతూ "తూ కొరెక్" అన్నారు.

ఆ గంటకు దండం పెట్టిన భజనవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, రేపు వచ్చి ఆయనకు వినబడేలా సమాధానం చెప్పండి.