లుసైల్ గోల్‌కు కాపలా కాసిన నిమ్మకాయ

కోచ్‌గా నా మొదటి మ్యాచ్‌లో నేను చేసిన ఘనకార్యం చెబుతాను. విన్నాక నన్ను కోచ్ అని పిలవాలో వద్దో మీరే తేల్చుకోండి.

అప్పటికి నేను ఖతర్‌లోని అల్ రయ్యాన్‌లో ఒక కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్‌ని. సీసాలు కడగడం, వాటికి చీటీలు అంటించడం నా పని. ఉన్న ఫుట్‌బాల్ కోచ్ ఉన్నట్టుండి తన దేశం వెళ్ళిపోతే, ప్రిన్సిపాల్ గారు నా బయోడేటాలో 'జిల్లా స్థాయి క్రీడాకారుడు' అన్న ముక్క చూసి పిలిపించారు. అది కబడ్డీ అని నేను చెప్పలేదు. ఆయనా అడగలేదు.

ఆయనది కాకినాడ. మాట మహా మెత్తన.

"చూడవయ్యా, నెల రోజులు టైమిస్తున్నాను. లుసైల్ కాలేజీతో మ్యాచ్ ఓడిపోయావంటే మళ్ళీ నీ సీసాలు నీకే. ఓడకపోతే కోచ్ ఉద్యోగం పర్మనెంట్."

నాకా ఉద్యోగం కావాలి. నిన్నటిదాకా 'ఏయ్ ల్యాబ్' అన్నవాళ్ళు, మెడలో ఈల చూసి 'కోచ్ సార్' అంటున్నారు. ఆ పిలుపు రుచి మరిగాను. చిక్కల్లా ఏమిటంటే, మా జట్టు ఏ మ్యాచ్ ఆడినా అరడజను గోల్స్ తినందే ఇంటికి రాదు. మ్యాచ్ ముందు రోజు జగిత్యాలలో ఉన్న అమ్మకు ఫోన్ చేసి గోడు వెళ్ళబోసుకున్నాను.

"గది దిష్టి కొడుకా," అంది అమ్మ. "దుబాయ్‌ల అందరి కండ్లు మీ పోరగాండ్ల మీదనే ఉంటయి. నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టు."

"అమ్మా, ఇది దుబాయ్ గాదు, ఖతర్."

"ఏదైతేంది? నిమ్మకాయలు దొరుకుతయా, లేదా?"

దొరుకుతాయి. మర్నాడు సాయంత్రం లుసైల్ వాళ్ళ మైదానంలో టాస్ పడి మా గోల్ ఏదో తేలగానే, నేనూ, కాలేజీ బస్సు నడిపే నిజామాబాద్ ఖాజా భాయ్ కలిసి వల సరిచేస్తున్నట్టు నటిస్తూ దాని వెనక మూలన నిమ్మకాయ కట్టేశాం. ఖాజా భాయ్ బస్సులోంచి ఇనుప తీగ తెచ్చి మరీ బిగించాడు.

"తుఫానొచ్చినా ఊడది సార్," అన్నాడు.

ఇక చూడండి మా వైభోగం! లుసైల్ వాళ్ళు కొట్టిన బంతి రెండుసార్లు స్తంభానికి తగిలి వెనక్కి వచ్చింది. పెనాల్టీ దొరికితే, దాన్ని గోల్ మీదుగా పార్కింగ్‌లోకి తన్నారు. నేను చేతులు వెనక్కి కట్టుకుని, ఇదంతా నా వ్యూహమే అన్నట్టు పచార్లు చేశాను.

హాఫ్‌టైమ్ అయింది. కుర్రాళ్ళు నీళ్ళు తాగి మైదానంలోకి నడుస్తున్నారు.

"సార్, మనోళ్ళు అటు దిక్కు పోతున్నరేంది?" అన్నాడు ఖాజా భాయ్.

"హాఫ్‌టైమ్ అయినంక సైడ్లు మారుతయి గద భాయ్! గా మాత్రం తెల్వదా..." అంటూనే నిమ్మకాయ వైపు తల తిప్పాను.

నెల రోజులు కుర్రాళ్ళకు నేనే నేర్పిన సంగతి అది! ఇప్పుడు మా అమ్మ చెప్పిన నిమ్మకాయ లుసైల్ వాళ్ళ గోల్‌కు కాపలా కాస్తోంది.

"తెంపు భాయ్, తెంపు!"

"ఎట్ల తెంపాలె సార్? తుఫానొచ్చినా ఊడదని చెప్తి గద!"

బస్సులోంచి బ్లేడు తెచ్చి ఇచ్చాడు. బయటికొచ్చే బంతులు అందిస్తానన్న వంకతో నేను వల వెనక చేరాను. ఆట మొదలైంది. తీగ వల దారాల్లో ఇరుక్కుపోయింది. ఒక దారం కోశాను, ఇంకోటి కోశాను. నిమ్మకాయ చేతికొచ్చేసరికి వలలో పుచ్చకాయ దూరేంత కంత పడింది.

సరిగ్గా అప్పుడే మా ఇమ్రాన్ బంతిని తన్నాడు. ఇమ్రాన్ మెహిదీపట్నం కుర్రాడు, పుట్టి బుద్ధెరిగి మ్యాచ్‌లో గోల్ కొట్టలేదు. బంతి గోల్‌కీపర్‌ను దాటి, గోల్‌లోకి దూరి, కంతలోంచి బయటికొచ్చి, నా పొట్టకు తగిలింది. నేను దాన్ని వాటేసుకుని నిలబడ్డాను.

రిఫరీ పరుగున వచ్చాడు. సూడాన్ మనిషి, ఆరడుగుల పైనే ఉంటాడు. దూరం నుంచి ఆయనకేమీ తెలియలేదు.

"కోచ్, బంతి లోపల నుంచి వచ్చిందా, పక్క నుంచి వచ్చిందా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

లోపల నుంచి అంటే గోల్ మాదే. కానీ వల చూస్తారు. కంత చూస్తారు. జేబులో బ్లేడు, గుప్పిట్లో నిమ్మకాయ.

"పక్క నుంచే," అంది నా నోరు.

"మాఫీ గోల్!" అంటూ రిఫరీ చేతులు అడ్డంగా ఊపాడు, గోల్ లేదు పొమ్మని. ఇమ్రాన్ గడ్డి మీద అలాగే కూలబడ్డాడు. వాడి మొహం చూసి సిగ్గుతో చచ్చిపోయాను. మ్యాచ్ సున్నా సున్నాగా ముగిసింది.

తిరుగు దారిలో ఇక పట్టలేక, బస్సులో లేచి నిలబడి జరిగిందంతా చెప్పేశాను. నిమ్మకాయ కూడా చూపించాను.

"అంటే నా గోల్ మీరే తిన్నరా సార్?" అన్నాడు ఇమ్రాన్.

ముందు ఖాజా భాయ్ నవ్వాడు. తర్వాత బస్సంతా సీట్లు బాదుతూ నవ్వింది. ఇమ్రాన్ మాత్రం బుంగమూతి పెట్టాడు.

"ఫస్ట్ గోల్ సార్ నాది! అమ్మీకి ఏమని చెప్పాలె?"

"నేను చెప్త తియ్," అని అక్కడికక్కడే వాళ్ళమ్మకు ఫోన్ చేసి, మీ వాడు గోల్ కొట్టాడు, నేనే సాక్షినని నాకొచ్చిన ఉర్దూలో చెప్పాను. ఆవిడ నాకు బోలెడు దువాలు ఇచ్చింది. ఆ దీవెనలు తీసుకోవడం ఎంత కష్టమో నాకే తెలుసు.

మర్నాడు ప్రిన్సిపాల్ గారికీ అంతా చెప్పి, ఈల తీసి బల్ల మీద పెట్టాను. ఆయన ఈలను మళ్ళీ నా వైపే జరిపారు.

"ఓడిపోలేదు కాబట్టి ఉద్యోగం నీదే. వల బాగుచేయించే పని కూడా నీదే. కానీ ఒక్క మాటయ్యా. నిన్న లుసైల్ టీమ్‌లో అందరికంటే బాగా ఆడింది నువ్వే."

ఆ రోజే మా కాలేజీ మైదానం నడిమధ్య నిలబడి, గుండె మీద చెయ్యేసుకుని ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో గోల్‌కు నిమ్మకాయ కట్టను. కట్టినా, హాఫ్‌టైమ్ అయ్యాకే కడతాను.