గంజి తీసిన గొంగడి

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. ఇప్పటికీ అంతే. సంఘంలో తిరిగిన రోజుల్లో ఊరూరా ఆడవాళ్లను కూర్చోబెట్టి, దయ్యాలు లేవు, మన భయం మీద బతికేవాళ్లున్నారు అంతే అని గొంతు చించుకుని చెప్పిన మనిషిని. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లు ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. ఇప్పుడు కూడా నమ్మమని అడగడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది కట్టంగూరు దగ్గర పల్లె. నేత ఇల్లు. నాన్న చిన్నప్పుడే పోయాడు. అమ్మ, సోమయ్య అన్న, నేను. అన్న దళంలోకి పోయాడు. ఏడాది తిరక్కుండా నేనూ అతని వెనకే పోయాను. అమ్మ ఒక్కతే మగ్గం దగ్గర మిగిలింది.

పోలీస్ యాక్షన్ అయింది, నిజాం రాజ్యం పోయింది, ఇక ఇంటికి పోవచ్చనుకున్నాం. ఏం పోవడం! మమ్మల్ని పట్టుకోవడానికి ఊళ్లల్లో మిలిటరీ క్యాంపులు పడ్డాయి. నిన్నటిదాకా పిలిచి అన్నం పెట్టినవాళ్లే మమ్మల్ని చూసి తలుపులు వేసుకున్నారు. వాళ్లను తప్పు పట్టను, వాళ్ల ప్రాణాలు వాళ్లకు తీపి. దళం పెద్ద కాక మా గుంపులో ఐదుగురం మిగిలాం. దేవరకొండ మీదుగా డిండి వాగు దాటి, అమ్రాబాద్ గుట్టలెక్కి నల్లమలలో తలదాచుకోవాలని నిర్ణయమైంది. వారం రోజుల నడక. అక్కడికి పోయి చేసేదేముందో మాలో ఎవరికీ తెలియదు. ఇక్కడ ఉంటే మాత్రం చావే.

శివరాత్రి అప్పటికే దాటింది. కింద పల్లెల్లో పగలు ఎండ చురుక్కుమంటోంది. కానీ గుట్టల మీద చలి ఇంకా పోలేదని, దానికి తగ్గట్టు తయారై రమ్మని దళం పెద్ద బీరయ్యన్న కబురు పంపాడు. గొర్రెలు కాచే కురుమల ఇంటివాడు, ఆ గుట్టలన్నీ తిరిగినవాడు. తను డిండి దగ్గర కలుస్తానన్నాడు. తయారు చేసే పని నా మీద పడింది. జొన్నలు వేయించి పేలపిండి కొట్టాను. బెల్లం, మిరియాలు, ఎల్లిగడ్డ మూటలు కట్టాను. చెప్పులకు ఆముదం పట్టించాను. కాళ్లకు చుట్టుకోవడానికి పాత గుడ్డలు చింపి పెట్టాను.

బీరయ్యన్న వాళ్లమ్మ ఐదు కొత్త గొంగళ్లు తెచ్చిచ్చింది. గంజి పట్టి అట్టల్లా బిర్రుగా ఉన్నాయి. కప్పుకోగా కప్పుకోగా అవే మెత్తబడతాయని చెప్పి వెళ్లింది. నేను వింటేగా! పుట్టినప్పటి నుంచి గంజి వాసనలో పెరిగినదాన్ని. మాకు గంజి మగ్గం మీద దారం తెగకుండా ఉండడానికే. గుడ్డ ఒంటి మీదికి పోయేముందు ఉతికి గంజి తీసెయ్యాలి. అది తీయనిది నేతపనేనా అనుకున్నాను. కుంకుడు రసం వేసిన వేడినీళ్లలో ఐదింటినీ తొక్కి తొక్కి ఉతికాను. కలిసిపోకుండా ఒక్కో దానికి ఒక్కో గుర్తు పెట్టాను. అన్నదానికి మూలన ఎర్ర దారంతో మూడు అడ్డకుట్లు.

అన్న కప్పుకుని మురిసిపోయాడు. పట్టుబట్ట లెక్క చేశావని అందరికీ చూపించాడు. మూరెడు పొట్టిదైందని మాత్రం ఎగతాళి చేశాడు. నాకు ఎంత గర్వమో!

డిండి దగ్గర బీరయ్యన్న కలిశాడు. ఆయన భుజాన పాత గొంగడి ఉంది. మావి మడిచి మూటల్లో ఉన్నాయి కాబట్టి ఆయన చేత్తో పట్టి చూడలేదు. ఆరో రోజు, కామునిపున్నమికి ముందునాడు, గుట్ట సగం ఎక్కాక రాళ్లవాన దిగింది. తలదాచుకోవడానికి సరైన చెట్టు కూడా లేదు. గొంగళ్లు కప్పుకున్నాం. చూస్తుండగానే అవి నీళ్లు తాగి బరువెక్కిపోయాయి. బీరయ్యన్న గొంగడి మీద నీళ్లు జారిపోతున్నాయి, మావాటిలోంచి మాత్రం ఒంటి మీదికి కారుతున్నాయి.

వాన తగ్గాక ఆయన అన్న గొంగడి పిండబోయి ఆగిపోయాడు. "గంజేమైంది?" అన్నాడు.

"నేనే ఉతికిన" అన్నాను.

చింతగింజల గంజి పడితేనే గొంగడి వానకు ఆగుతుందని అప్పుడు తెలిసింది. కురుమల ఇంట పసిపిల్లకు కూడా తెలిసిన ముచ్చట. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మంట వేస్తే పొగ కింది క్యాంపుకు కనబడుతుంది. వెయ్యలేదు. అన్నకు అప్పటికే రెండు రోజులుగా జ్వరం. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. నా మొహం చూసి నన్నే ఓదార్చాడు. "ఫికర్ జెయ్యకు అండాలూ. ఇంటికి పోయినంక అమ్మతోని మళ్ల గంజి పెట్టిచ్చుకుంట" అన్నాడు.

పొద్దు పొడిచేసరికి అన్న లేడు.

గొయ్యి తీయడానికి అక్కడ మట్టి లేదు. ఆ గొంగట్లోనే చుట్టి మీద రాళ్లు పేర్చాం. ఎర్రకుట్ల మూలను అతని గుండె మీదికి మడిచింది నేనే, ఈ చేతులతోనే.

నెల తిరక్కుండా దొరికిపోయాను. ఎనిమిది నెలలు జైల్లో ఉండి ఇంటికొచ్చాను. అన్న సంగతి అమ్మకు తెలియదు. ఎట్లా చెప్పాలో దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. గడపలో అడుగుపెట్టగానే అమ్మ నా వెనక్కి చూసింది.

"అన్న ఏడే? గొంగడి ఎన్నడో ఆరింది, తీస్కపొమ్మను" అంది.

మగ్గం పక్కన దండెం మీద గొంగడి ఉంది. అట్టలా బిర్రుగా, చింతగింజల గంజి వాసనతో. మూలన ఎర్రదారం, మూడు అడ్డకుట్లు. చేత్తో కొలిచాను. మూరెడు పొట్టి.

అమ్మ చెప్పింది ఇది. కామునిపున్నమి నాడు, పొద్దు నడినెత్తికి వచ్చే వేళ అన్న వచ్చాడట. బయట ఎండ కాస్తుంటే తల నుంచి కాళ్లదాకా తడిసి ఉన్నాడట. లోపలికి రమ్మంటే రాలేదు. గొంగడి అందించి చింతగింజల గంజి పెట్టమన్నాడట. ఏనాడూ గొంగడికి గంజి పెట్టి ఎరగదు అమ్మ. అయినా గింజలు నూరి, కాచి, పట్టించింది. ఆరడానికి రెండు రోజులు పడుతుందంటే, అప్పటిదాకా ఆగలేను, చలి పెడుతోందని వెళ్లిపోయాడట. మా వాడ మలుపులోనే క్యాంపు. ఎవరూ చూడలేదు.

ఆ గొంగళ్లను అమ్మ అంతకుముందు చూడలేదు. నేను ఉతికింది ఇక్కడ కాదు. మాలో ఎవరైనా రాళ్లు తీసి తెచ్చారేమోనని బతికి ఉన్నవాళ్లందరినీ ఒక్కొక్కరినీ పట్టి అడిగాను. ఎవరూ తేలేదు. తెచ్చినా, ఆరు రోజుల నడక ఒక్క పూటలో ఎవరు నడుస్తారు?

రెండేళ్ల తర్వాత బీరయ్యన్నను వెంటబెట్టుకుని ఆ గుట్ట ఎక్కాను. రాళ్లు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి, సందుల్లో గడ్డి మొలిచింది. ఆయన పై రాయి మీద చెయ్యి వేశాడు. నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపాను.

అన్న సంగతి అమ్మకు చెప్పనేలేదు. ఆమె పోయేదాకా వానాకాలం ముందర ఆ గొంగడికి గంజి పెట్టి ఆరేసింది. తర్వాత నేను పెడుతున్నాను. ఇదంతా ఏమిటో, ఎట్లా జరిగిందో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. దయ్యాలు ఉన్నాయని నేననను.

గొంగడి ఇక్కడుంది. అక్కడ ఆ రాళ్ల కింద మా అన్న ఏం కప్పుకున్నాడో నాకు తెలియదు.