ఎడమ అంచు పైన

నాది ఎడమచేతి వాటం. చెప్పు పట్టీ మడిచేటప్పుడు అందరూ కుడి అంచును పైకి తెస్తారు, నేను ఎడమ అంచును తెస్తాను. మా నాన్న చేతి మీద ఎన్నిసార్లు కొట్టినా మారలేదు. చివరికి ఆయనే, "దీని పట్టీని చీకట్లో తడిమినా చెప్పొచ్చు" అని నవ్వి ఊరుకున్నాడు.

తోలు పట్టీ మడవడానికి పెద్ద పనిముట్లేమీ అక్కర్లేదు. ఒక నున్నటి బండ, అంచులు చెక్కే రంపి, రంధ్రాలు పొడిచే ఆరె, సుత్తి, అరిగిపోయిన ఎద్దుకొమ్ము ముక్క. అంతే. కావలసిన వెడల్పుకు రెండింతల కంటే కాస్త ఎక్కువగా కోసిన తోలును బండ మీద బోర్లా పరిచి, రెండు అంచుల్నీ రంపితో ఉల్లిపొర అంత పల్చగా చెక్కాలి. ఇక్కడ బద్ధకిస్తే మడత లావుగా వచ్చి పాదాన్ని కోస్తుంది. జిగురు రాసి, కాస్త ఆరనిచ్చి, బొటనవేలితో అంచుల్ని నడుమకు తెచ్చి, ఒకదాని మీద ఒకటి వేసి కొమ్ముతో రుద్దాలి. సుత్తితో తట్టాలి గానీ కొట్టకూడదు. అసలు పనంతా పట్టీ వంపు తిరిగే చోట ఉంది. అక్కడ తోలు మిగులుతుంది. దాన్ని ఆరె మొనతో చిన్న చిన్న కుచ్చులుగా పట్టి లోపలికి తొయ్యాలి. పైనుంచి చూస్తే ఒక్క ముడత కనపడకూడదు. తిరగేసి చూస్తే చీర కుచ్చిళ్ళలా ఉండాలి.

ఆదోనిలో మా ఇంటి వసారాలో కూర్చుని ఈ పని చేసేదాన్ని. మా తమ్ముడికి ఎమ్మిగనూరులో చెప్పుల దుకాణం ఉంది. తోలు వాడు పంపేవాడు. పట్టీలు మడిచి, కుట్టి నేను బస్సుకు వేసేదాన్ని. వాటిని అడుగు అట్టలకు బిగించి చెప్పులు చేయడం వాడి పని. వాడికి పెళ్ళయిన కొత్తలో మరదలు మా ఇంట్లో కొన్నాళ్ళుండి నా దగ్గర మడత నేర్చుకుంది. ఎదురుగా కాకుండా నా పక్కనే కూర్చుని నేర్చుకుంది. అందుకే కుడిచేతి మనిషయి కూడా ఎడమ అంచునే పైకి మడిచేది. "వదినా, నీ చెయ్యే నాకొచ్చింది" అని మురిసిపోయేది.

తర్వాత తమ్ముడు పంపే తోలు మారింది. తోలును మిషన్ మీద రెండు పొరలుగా చీల్చి, కిందిపొరకు మెరుగు రంగు పూసి అమ్ముతారు. చూపుకు బాగానే ఉంటుంది. మడిస్తే వంపు దగ్గర రంగు పగిలి లోపలి పీచు బయటికొస్తుంది. అట్లాంటి తోలు చుట్టలు వస్తే వచ్చినవి వచ్చినట్టే వెనక్కి పంపాను. వాడు బస్సెక్కి వచ్చాడు.

"ఇదేం పంతమక్కా? ఈ తోలు అందరూ కొంటాండారు."

"కొననీ. నేను మడవను. నాలుగు దినాలకు పగిలితే ఆ తొడుక్కున్నామె నన్ను తిడతాది."

"నువ్వెవరో ఆమెకేం తెలుసు? బోర్డు మింద ఉండేది నా పేరు."

"అయితే నిన్నే తిట్టనీ. మంచి తోలు పంపు."

ఇద్దరం నవ్వుకున్నాం. మా ఇద్దరి మధ్య చిన్నప్పటి నుంచీ ఇట్లాంటి మాటలు మామూలే. అది పోట్లాట అని నేను అనుకోలేదు.

కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చాడు. ఈసారి నా ముఖం చూడకుండా మాట్లాడాడు. "మడత పట్టీలు ఎవరూ అడగడం ల్యాదక్కా. అంతా ప్లాస్టిక్, రెగ్జినే. నేనూ మానుకుంటాండా. ఇంక తోలు పంపను. కోపం చేసుకోవద్దు."

కోపమెక్కడిది, జాలి వేసింది. దుకాణం ఎట్లా నడుస్తుందోనని దిగులు పడ్డాను. వేడి జొన్నరొట్టె చేసి పెట్టాను. నంజుకు పెట్టిన శెనక్కాయల ఊరిబిండిని అడిగి మరీ ఇంకోసారి వేయించుకుని తిన్నాడు. అబద్ధం చెప్పిన నోటికి అంత రుచి ఎట్లా తెలిసిందో నాకిప్పటికీ అర్థం కాదు.

పని పోయాక సాయంత్రాలు ఏం చెయ్యాలో తోచలేదు. మా వీధిలో పెద్దవాళ్ళకు చదువు చెబుతుంటే పోయి కూర్చున్నాను. బలపమూ ఎడమచేత్తోనే పట్టాను. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే మా తమ్ముడి పుణ్యమే.

రెండేళ్ళు గడిచాక ఎమ్మిగనూరులో బంధువులింట్లో బిడ్డకు పేరు పెడుతుంటే వెళ్ళాను. గడప బయట చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. అందులో ఒకటి తిరగబడి, పట్టీ అడుగు కనిపిస్తోంది. ఎడమ అంచు పైన ఉంది. వంపు దగ్గర కుచ్చులు. రంగు కొత్తది. నేను వంగి దాన్ని చేతిలోకి తీసుకున్నాను.

లోపలి నుంచి ఒకామె పరుగున వచ్చింది. "ఏమ్మా, నా సెప్పుతో నీకేం పని?"

"యాడ కొన్నావు?"

"ఎందుకు, ఎత్తుకపోతావా యేంది?"

"నా కాలికి పట్టదులే. సెప్పు తల్లీ, యాడ కొన్నావు?"

ఆమె మా తమ్ముడి దుకాణం పేరు చెప్పింది. పోయిన నెల్లోనే కొన్నానంది. నేను బిడ్డను చూడకుండానే బజారుకు నడిచాను.

తమ్ముడు ఎవరికో చెప్పులు తొడిగి చూపిస్తున్నాడు. వెనక, చాప మీద మరదలు. ఆమె చుట్టూ మడిచిన పట్టీలు. నన్ను చూసి ఆమె ముఖం విప్పారింది. "వదినా! ఇప్పుడు గుర్తొచ్చినామా?" అంటూ లేచింది. ఆ నవ్వులో దొంగతనం లేదు. అదే నాకు ముందు అర్థం కాలేదు.

తమ్ముణ్ణి అడిగాను. "మడత పట్టీలు ఎవరూ అడగడం లేదంటివే?"

"అది... మళ్ళీ అడుగుతాండారక్కా. ఈ మధ్యనే."

"ఈ మధ్యన యాడ?" అంది మరదలు. "నువ్వు మానుకున్నప్పటి నుంచి నేనే కదా చేస్తాండేది వదినా."

"నేను మానుకుంటినా?"

"నడుము పట్టేసింది, ఇంక నా చేత కాదు, నా పని మరదలికే ఇయ్యి అన్నావంట కదా. నేనెంత సంబరపడితినో."

"నేను ఆ మాట అనలేదు."

ఆమె మొగుడి వైపు చూసింది. చేతిలోని ఆరె కింద పెట్టింది.

వాడు గొంతు తగ్గించాడు. "నువ్వు ప్రతిదానికీ అడ్డం చెప్తావక్కా. ఇదైతే ఏ తోలిస్తే అది మడుస్తాది. దుకాణం నడపొద్దా?"

ఆ మాట నన్నే కాదు, ఆమెను కూడా కొట్టింది. నాకు పని లేదని చెప్పి నన్ను ఇంట్లో కూర్చోబెట్టాడు. నేను ఇచ్చానని చెప్పి ఆమెను చాప మీద కూర్చోబెట్టాడు. ఇద్దరం నమ్మాం.

నేను ఒక పట్టీ తీసి వంపు చూశాను. రంగు అప్పుడే పగిలింది.

"ఆడ ఎప్పుడూ పగులుతాది వదినా," అంది మరదలు, తల ఎత్తకుండా. "నా చెయ్యే సరిగా లేదనుకుంటి."

"నీ చెయ్యి బాగుండాది. తోలే బాగలేదు" అన్నాను, కొనడానికి వచ్చినవాళ్ళు వినేటట్టే. ఒకాయన కాళ్ళకున్నవి విప్పి పక్కన పెట్టాడు.

ఉగాది ముందు వాడు ఆదోనికి వచ్చాడు, భుజం మీద తోలు చుట్టతో. మరదలు ఆరె ముట్టనంటోందట. "నువ్వే మడువక్కా, మునుపటి మాదిరి" అన్నాడు. చుట్ట విప్పి తడిమాను. కిందిపొరే.

"మంచి తోలు వేస్తే ఆ ధరకు ఎవరూ కొనరక్కా. ఏం చేద్దు?"

"ఈ మాట ఆ పొద్దే సెప్పొచ్చు గదా."

"సెప్తే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకునేదాన్ని కాదు. పోట్లాడేదాన్ని. నాతో పోట్లాడేది నీకంత బరువయిందా?"

 వాడు టీ తాగి, గ్లాసు గోడ వారగా పెట్టి, చుట్ట భుజానికెత్తుకున్నాడు. వాడెప్పుడొచ్చినా బస్టాండు దాకా తోడు పోవడం నాకు అలవాటు. ఆ రోజు నేను లేవలేదు.